పుట్టుకను బట్టి చదువా? – మన పిల్లల కళాశాల ప్రవేశములు



ఒమాను దేశమందలి ఖురియాత్ అను తీరపట్టణమున, బంధువుల యింట మేము కొన్నాళ్ళుగా ఉన్నాము. పొరుగున శ్రీకాకుళము జిల్లా నుండి వచ్చిన ఒక కుటుంబము కలదు. వారి అమ్మాయి పన్నెండవ తరగతి చదువుచున్నది. మేము మలేషియా తోటలకు వలసపోయిన తెలుగువారి సంతతియని తెలిసి, ఆ తండ్రి యొకనాడు, "బాబుగారూ, మీ దేశంలో జాతిని బట్టి సీటిస్తారంట, నిజమేనా?" అని అడిగిరి. అవుననినను, కాదనినను అది సగము సత్యమే. మిగిలిన సగము మన పిల్లలకు తెలియవలెను.

మలేషియా రాజ్యాంగములోని 153వ అధికరణము మలయులకును, సబా, సరవాక్ స్థానిక జాతులకును ప్రత్యేక స్థానము కల్పించుచున్నది. 1971లో చేసిన సవరణ విశ్వవిద్యాలయ ప్రవేశములను కూడ ఇందులో చేర్చెను. తరువాత చాలకాలము సీట్లను జాతుల వంతుల ప్రకారము పంచిరి. 2002లో ఆ వంతులను తీసివేసి, ఇకపై ప్రతిభయే కొలత యని ప్రభుత్వము ప్రకటించెను.

అయినను జాతి లెక్క పోలేదు. అది ద్వారమును విడిచి, ద్వారమునకు పోవు దారిలో నిలిచినది. ఎస్.పి.ఎం. పరీక్ష పిమ్మట ముఖ్యమైన ప్రభుత్వ మార్గములు రెండు. మెట్రిక్యులేషన్ సాధారణముగా ఒక సంవత్సరము. ఎస్.టి.పి.ఎం. ఒకటిన్నర సంవత్సరము, కఠినమైనదని పేరు. మెట్రిక్యులేషనులో నూటికి 90 స్థానములు భూమిపుత్రులకు, 10 ఇతరులకు. ఆ పదింటిలోనే చీనావారును, మనమును. 2019లో మొత్తము స్థానములను 25,000 నుండి 40,000కు పెంచినపుడు కూడ ఈ నిష్పత్తి మారలేదు.

2024లో పది 'ఏ'లు సాధించినవారందరికి జాతితో నిమిత్తము లేకుండ మెట్రిక్యులేషనులో చోటిత్తుమని ప్రధానమంత్రి అన్వర్ ఇబ్రహీం ప్రకటించిరి. ఇది మంచి అడుగు. కాని తొమ్మిది 'ఏ'లు తెచ్చుకొన్న తోటకూలీ మనుమరాలికి పాత లెక్కయే మిగిలినది.

ఇంతమాత్రమున రిజర్వేషన్లన్నియు అన్యాయమనుకొనరాదు. మన పెద్దలు విడిచివచ్చిన మద్రాసు రాష్ట్రములోను కళాశాల స్థానములను వర్గముల వారీగా పంచెడివారు. 1951లో భారత సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. ఆ యేడే రాజ్యాంగమును సవరించి, వెనుకబడిన వర్గములకును, షెడ్యూల్డు కులములకును, తెగలకును ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునని చేర్చిరి. ఓడనెక్కి తోటలకు పోయినవారిలో అట్టి కులములవారెందరో కలరు. ఊరిలో మిగిలిన వారి బంధువుల పిల్లలకు బడితలుపు తెరచినది ఆ సవరణయే.

కనుక వంతులుండుట తప్పా ఒప్పా యనునది అసలు ప్రశ్న కాదు. ఆ వంతు ఎవరి లేమిని కొలుచుచున్నది? పేదరికమును కొలిచినచో తోట లైన్లలో పుట్టిన బిడ్డకును చోటుండవలెను. జాతిని మాత్రమే కొలిచినచో, ఆ బిడ్డ పేదరికము లెక్కకు రాదు. మా అభ్యంతరము ఇదే.

అయితే మన తప్పును కూడ చెప్పుకొనవలెను. మా ఆలయములో కోలాటమాడుచు పెరిగిన ఒక బాలికకు మంచి మార్కులు వచ్చినవి. "మనవాళ్ళకు ఇవ్వరమ్మా" అని పెద్దలమే అంటిమి. ఆమె దరఖాస్తే పెట్టలేదు. ఆమెను కాదన్నది ఏ కార్యాలయమును కాదు, మన మాటయే.

పొరుగువారి అమ్మాయికి మరియొక దారి ఉన్నది. గల్ఫులో పనిచేయు భారతీయుల పిల్లలకు భారతదేశపు ఇంజనీరింగు విద్యాసంస్థలలో ప్రత్యేక స్థానములు కలవు. ఆ తండ్రి నియమములన్నియు చదివి, గడువు తేదీలను క్యాలెండరుపై గుర్తుపెట్టుకొనిరి. అది చూచి మేము సిగ్గుపడితిమి.

మన ఆలయములలోను ఎస్.పి.ఎం. ఫలితములు వచ్చిన వారములో ఒక సాయంకాలము పిల్లలను, తల్లిదండ్రులను కూర్చుండబెట్టుదము. రెండు దారులకును దరఖాస్తు పెట్టింతము. రానిచో అప్పీలు వ్రాయింతము. నియమము మారవలెనని అడుగుట మన హక్కు. అది మారువరకు ఒక్క దరఖాస్తును కూడ మానకుండుట మన బాధ్యత.