కుక్క కాటు: మూడేళ్ల గడువు, మొదటి రోజు చీటీ



కుక్క కరిచిందని మా ఓ.పి.కి వచ్చేవారు మొదట అడిగేది, "ఎన్ని ఇంజెక్షన్లండీ?" అని. బొడ్డు చుట్టూ పొడిచే పద్నాలుగు సూదుల కాలం ఇరవై ఏళ్ల క్రితమే పోయిందని, ఇప్పుడు భుజానికి నాలుగైదు సార్లు వేస్తే చాలని చెబితే ఊపిరి పీల్చుకుంటారు. "కుక్క ఎవరిది?" అని మేము అడిగితే మాత్రం తల దించుకుంటారు. "పక్కింటివాళ్లదేనండి, పోనివ్వండి" అంటారు.

అలా పోనిచ్చాక ఏమవుతుందో మేము చూశాం. కూలికి వెళ్లే ఒక తల్లిని, కట్టేయకుండా వదిలేసిన పెంపుడు కుక్క పిక్క పట్టి చీల్చింది. యజమాని ఆటో ఖర్చులకని ఐదువందలు చేతిలో పెట్టి, మిగతాది తరువాత చూసుకుంటానన్నాడు. పుండు మానడానికి నెలలు పట్టింది. అన్నాళ్లూ కూలి లేదు. ఆయన చూసుకున్నదీ లేదు. మూడేళ్లు దాటాక ఆమె కాగితం కోసం మా దగ్గరికి వచ్చింది. మా రిజిస్టరులో ఉన్నది "కుక్క కాటు" అన్న రెండు మాటలే. ఎవరి కుక్కో, గాయం ఎంత లోతో వ్రాయలేదు. అందులో తప్పు మాది కూడా.

1963 నాటి లిమిటేషన్ చట్టంలో కుక్క కాటుకని వేరే గడువు లేదు. వేరే గడువు చెప్పని దావాలన్నిటికీ ఉన్న మూడేళ్లే దీనికీ వర్తిస్తాయి. కరిచిన నాటినుంచి లెక్క. కాటువల్ల ప్రాణమే పోతే కుటుంబం వేసే దావాకు రెండేళ్లే, మరణించిన నాటినుంచి. అప్పీళ్లకైతే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు గానీ దావాకు ఆ వెసులుబాటు లేదు. ఎదుటివారు అడగకపోయినా గడువు దాటిన దావాను కోర్టు కొట్టివేయాలి. "ఇస్తాంలే" అన్న నోటిమాట గడియారాన్ని ఆపదు.

పిల్లలకు మాత్రం చట్టం దయ చూపింది. ఎనిమిదేళ్ల బిడ్డను కరిస్తే, పద్దెనిమిది నిండాక మూడేళ్లవరకు, అంటే ఇరవై ఒకటి నిండేదాకా దావా వేయవచ్చు. అయితే అప్పటికి సాక్షులెక్కడ, కుక్కెక్కడ? తల్లిదండ్రులు బిడ్డ తరఫున ఇప్పుడే వేయవచ్చు.

యజమాని నిర్లక్ష్యంపై పోలీసు ఫిర్యాదు వేరే సంగతి. 2024 జూలైనుంచి అది భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను: ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదువేల వరకు జరిమానా, లేదా రెండూ. దీనికి గడువు ఏడాదే. వీధికుక్క అయితే మునిసిపాలిటీనో పంచాయతీనో నిలదీయాలి. అక్కడ ముందుగా నోటీసు ఇవ్వవలసి రావచ్చు, గడువు ఇంకా తక్కువన్న వాదన కూడా వస్తుంది. అందుకని నెల తిరక్కుండా అడ్వకేటును కలవండి. 2023లో పంజాబ్, హర్యానా హైకోర్టు తన పరిధిలో ఒక్కో పంటిగాటుకు కనీసం పదివేలు ఇవ్వాలంది. అక్కడైనా గాట్లు లెక్కపెట్టి వ్రాసిన వైద్యుడి కాగితం కావాలి గదా!

పొరుగువారిని కోర్టుకీడ్చమని మేము చెప్పడం లేదు. సంఘ పెద్దల ఎదుట రాజీపడితే సంతోషమే. ఎంత ఇస్తారో, ఎప్పటిలోగా ఇస్తారో కాగితం మీద పెట్టించి సంతకాలు తీసుకోండి. దావా వేయడానికి డబ్బు లేదన్న భయం వద్దు. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. దాని కార్యాలయం జిల్లా కోర్టులోనే ఉంటుంది.

వీటన్నిటికంటే ముందు గాయాన్ని ధారగా పడే నీటికింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి రండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మేము చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. వచ్చినప్పుడు తేదీ, చోటు, కుక్క ఎవరిదో, ఎన్ని గాట్లో "రోగి చెప్పిన ప్రకారం" అని చీటీ మీద వ్రాయమని అడగండి. తొందరలో మా వాళ్లు విసుక్కున్నా సరే, వ్రాసేదాకా కౌంటరు దగ్గరనుంచి కదలకండి.