జోరీగకు చుక్కలు చూపించే చారలు!

జంతు ప్రదర్శనశాలకి వెళ్లిన పిల్లలు జీబ్రా ముందు ఆగి అడిగే ప్రశ్న ఒకటే... 'దీనికి ఆ చారలెందుకు?' అని. 'దేవుడు అలా పుట్టించాడురా' అని మనం తప్పించుకోవచ్చు. శాస్త్రవేత్తలకి ఆ వీల్లేదు కదా! అందుకే నూట యాభై ఏళ్లుగా ఈ చారల గుట్టు విప్పే పనిలోనే ఉన్నారు వాళ్లు.

జీవపరిణామం గురించి ప్రపంచానికి చెప్పిన డార్విన్, వాలెస్‌లకే ఈ విషయంలో మాట కుదరలేదు. బట్టబయలు మైదానంలో ఆ చారలు జీబ్రాని ఏం దాస్తాయని 1871లోనే కొట్టిపారేశాడు డార్విన్. మసక చీకట్లో అవి సింహాల కంట పడకుండా కాపాడతాయన్నది వాలెస్ వాదన. వినడానికి బాగానే ఉన్నా అదీ నిలవలేదు. పట్టపగలైనా సరే, యాభై మీటర్లు దాటితే సింహం కంటికి చారలు విడివిడిగా ఆనవని 2016లో తేలింది. అంతకంటే దగ్గరికొచ్చేసరికి జీబ్రా వాసనో చప్పుడో దానికి ఎలాగూ తెలిసిపోతుంది! ఇక, చారలు ఎండలో ఒంటిని చల్లబరుస్తాయన్నారు కొందరు. నీళ్లు నింపిన పీపాలకి రకరకాల చర్మాలు తొడిగి 2018లో చూస్తే, చారలున్న పీపా ఏమంత చల్లగా లేదు.

మరి అసలు శత్రువెవరు? సింహం కాదు... ఈగ!

అమెరికాకి చెందిన టిమ్ కారో బృందం గుర్రం జాతి జంతువులు ఎక్కడెక్కడ ఉంటాయో, అక్కడ సింహాలూ ఎండా ఈగలూ ఏ మేరకు ఉన్నాయో పోల్చి చూసింది. జోరీగల బెడద ఎక్కువున్న చోటే చారలూ ఎక్కువని 2014లో ప్రకటించింది. ఆఫ్రికాలో రక్తం పీల్చే ఈగలంటే మామూలు విషయం కాదు. ప్రాణం తీసే జబ్బుల్ని అంటిస్తాయి. పైగా జీబ్రా వెంట్రుకలు బాగా పొట్టి. ఈగ ముల్లు సులువుగా చర్మంలో దిగుతుంది.

ఇదెంతవరకూ నిజమో చూద్దామని ఇంగ్లండులో గుర్రాలకే నల్లవీ తెల్లవీ చారలవీ కోట్లు తొడిగారు. 2019లో వెలువడిన ఆ ఫలితాలు భలే తమాషాగా ఉన్నాయి. ఈగలు అన్ని కోట్ల దగ్గరికీ వచ్చాయి. చారల కోటు మీద మాత్రం చాలా తక్కువ వాలాయి. అదే గుర్రం తలమీద, అంటే కోటు లేని చోట, ఎప్పట్లాగే వాలాయి! వాలే ముందు వేగం తగ్గించుకోవాల్సిన ఈగ చారలు చూసి తికమకపడి, ఆ పని చేయలేకపోతోందట. దాంతో పక్కనుంచి దూసుకుపోవడమో, ఒంటిని ఢీకొని ఎగిరిపోవడమో జరుగుతోంది.

జపాన్ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. నల్లావులకి తెల్లచారలు వేస్తే కుట్టే ఈగలు దాదాపు సగానికి తగ్గిపోయాయి. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ 2025లో వీళ్లని వరించింది.

నవ్వుకోవడానికేగానీ ఇందులో రైతుకి పనికొచ్చే సంగతీ ఉంది. మన పశువులకి సర్రా వ్యాధిని మోసుకొచ్చేదీ జోరీగలే. కొట్టంలో వేపాకు పొగ వేసేదీ, మందులు చల్లేదీ ఇలాంటి ఈగల బాధ పడలేకే. ఆ మందుల అవసరాన్ని కాస్తయినా తగ్గించే ఉపాయాన్ని జీబ్రా లక్షల ఏళ్లుగా ఒంటిమీదే వేసుకుని తిరుగుతోంది. మనమే ఆలస్యంగా చూశాం!