చేతిలో లక్ష ఉంటే రైఫిల్ కొనాలా, కంచె వేయాలా?



ఈ మధ్య ఆళ్లగడ్డ, రుద్రవరం, సిరివెళ్ల, మహానంది పక్క కొండ కింద ఊర్ల పిల్లోళ్ళు నన్ను ఒకటే అడుగుతాండారు. "మామా, తక్కువ ధరలో మంచి సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఏది? లక్ష, లక్షన్నరలో ఒకటి తెచ్చుకుంటే అడవిపందుల పీడ పోతాది గదా" అని. ఈ ఆలోచన యాడ నుంచి వచ్చిందో నాకు తెలుసు. అమెరికాలో ఉన్న మన పిల్లోళ్ళు టెక్సాస్ నుంచి వీడియోలు పంపుతాండారు. ఒకడు రాత్రిపూట రైఫిల్ పట్టుకోని టపటపా కాలుస్తా ఉంటాడు, పందులు వరసగా పడిపోతా ఉంటాయి. పాలు పోసుకునే దశలో ఉన్న మొక్కజొన్న తెల్లారేసరికి నేలమట్టమైనోనికి ఆ వీడియో చూస్తే కడుపు చల్లబడుతుంది. అందులో తప్పేం లేదు.

కానీ నా అభిప్రాయం ముందే చెప్తాను. ఆ లక్ష తుపాకీ మీద పెట్టొద్దండి. పందుల మీద జాలితో చెప్పేమాట కాదిది. మూడెకరాల సేద్యగాడు లెక్క వేసుకుంటే తుపాకీ గిట్టదు, అంతే.

ముందు ఆ వస్తువు సంగతి చూద్దాం. బోల్ట్ రైఫిల్ అయితే ఒక గుండు కాల్చినాక చేత్తో పిడి లాగి, మళ్ళీ తోసి, ఇంకో తూటా ఎక్కించుకోవాల. సెమీ ఆటోమేటిక్‌లో ఆ పని తుపాకీనే చేసుకుంటాది. ఖాళీ తూటా దానంతట అదే బయట పడి, కొత్తది ఎక్కుతాది. ట్రిగ్గర్ ఎన్నిసార్లు నొక్కితే అన్ని గుండ్లు. అమెరికాలో మొదటిసారి కొనేవాళ్ళు చాలామంది రూజర్ 10/22 అనే చిన్న రైఫిల్‌తో మొదలుపెడతారు. 1964 నుంచి తయారవుతా ఉంది. పెద్ద పందులకైతే ఏఆర్-15 రకం వాడతారు. అక్కడ అది అంగట్లో దొరికే సరుకు. అక్కడున్న మన పిల్లోళ్ళకి కూడా ఒక మాట చెప్పండి. స్టూడెంట్ వీసా మీద, హెచ్-1బి మీద ఉన్నోళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఆ దేశంలో కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉండడం లాంటి కొన్ని మినహాయింపులే ఉండాయి. స్నేహితుడు కొన్నాడని వీడు కూడా కొంటే చదువూ పోతాది, ఉద్యోగమూ పోతాది.

ఇక మన దేశం సంగతి. 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాలు చూస్తే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మొదటి కేటగిరీలో ఉండాది. దాని లైసెన్సు మన కలెక్టర్ చేతిలో లేదు, ఢిల్లీలో హోం శాఖ చేతిలో ఉండాది. పంట కాపలాకి సెమీ ఆటోమేటిక్ కావాలంటే ఇచ్చే దారే లేదు. కాబట్టి "ఏ కంపెనీది మంచిది" అన్న ప్రశ్నే మనకి పుట్టదు. "నేను తెప్పిస్తానప్పా, ఖర్చు నువ్వు పెట్టుకో" అని ఎవడన్నా అంటే వాడు నీకు రైఫిల్ అమ్మడం లేదు, జైలు అమ్ముతాండాడు. 2019లో చట్టం సవరించినాక లైసెన్సు లేని మామూలు తుపాకీ దొరికితేనే రెండేళ్ళ నుంచి ఐదేళ్ళు. నిషేధిత ఆయుధమని తేలితే ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళు.

మరి రైతుకి చట్టం ఏమిస్తాది? అదే చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపలా మాట ఉండాది. నిజంగా పంట కోసమే అయితే గొట్టంలో మందు కూరి కాల్చే పాత రకం తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చు. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే ఇంకో రకం నున్నని గొట్టం తుపాకీకి, అంటే 12 బోర్ లాంటి దానికి ఇవ్వొచ్చు. మనోళ్ళు అప్పుడప్పుడు చెప్పుకునే .315 బోల్ట్ రైఫిల్ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీది. దానికి లైసెన్సు రావడం ఇంకా కష్టం. ఏ తుపాకీకైనా 21 ఏళ్ళు నిండాల, కేసులు ఉండకూడదు, పోలీసు విచారణ జరగాల, తుపాకీ జాగ్రత్తగా వాడే శిక్షణ తీసుకున్నట్టు కాయితం ఉండాల, ఇంట్లో తాళం వేసి భద్రంగా పెట్టే చోటు చూపించాల. ఐదేళ్ళకొకసారి రెన్యూవల్. తిరిగే బస్సు ఛార్జీలు, పోగొట్టుకునే కూలి దినాలు ఎవురూ లెక్కలో రాయరు.

సరే, అన్నీ అయి తుపాకీ చేతికొచ్చింది అనుకుందాం. పందిని కాల్చొచ్చా? కాల్చకూడదు. మనోళ్ళు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. తుపాకీ లైసెన్సు ఒక కాయితం, జంతువుని చంపే అనుమతి వేరే కాయితం. వన్యప్రాణి చట్టం 1972లోది, 2022లో సవరించినారు. అడవిపంది అందులో రెండో షెడ్యూల్‌లో ఉంది. పంట నాశనం చేస్తాందని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ 11వ సెక్షన్ కింద రాసి ఇస్తేనే కాల్చాల. అది లేకుండా కాలిస్తే లైసెన్సున్న తుపాకీ అయినా కేసే, మూడేళ్ళ దాకా శిక్ష. నెమలిని, కృష్ణజింకను తాకితే ఇంకా పెద్ద కేసు, అవి మొదటి షెడ్యూల్‌లో ఉండాయి. రోళ్లపాడు పక్క జింకలతో వేగుతున్న రైతులకి ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. పైగా మనం ఉండేది నల్లమల కింద. పక్కనే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. రాత్రి చీకట్లో కదిలిందల్లా పందే అనుకుంటే ఎట్ల?

ఎన్నికల ముచ్చట కూడా చూడండి. కోడ్ వచ్చిందంటే మన పక్క లైసెన్సు తుపాకులు సాధారణంగా స్టేషన్‌లో అప్పజెప్పమంటారు. ఎన్నికలు పంట చూసుకోని రావు. 2017లో నంద్యాల ఉప ఎన్నిక పోలింగ్ ఆగస్టు 23న జరిగింది. ఖరీఫ్ పంట చేన్లో ఉన్న కాలం. పంచాయతీ, జెడ్పీటీసీ, అసెంబ్లీ, పార్లమెంటు అని ఐదేళ్ళలో ఎన్నిసార్లు కోడ్ వస్తాదో లెక్క వేసుకోండి. పందికి కోడ్ లేదు.

అన్నిటికంటే పెద్ద భయం గుండుది. రైఫిల్ గుండు పందికి తగలకపోతే అక్కడే ఆగదు, కిలోమీటరు దాటి పోతాది. మన చేన్లలో రాత్రిపూట ఎవరుంటారు? నీళ్ళు కట్టేదానికి పోయినోడు, మంచె మీద పండుకున్న ముసలాయన, గొర్ల మంద కాడ కాపలా ఉన్నోడు, మోటర్ వేసేదానికి పోయిన ఆడమనిషి. చప్పుడు విని కాల్చినోడు మనిషిని కొడితే రెండు కొంపలు మునుగుతాయి.

ఇంకొకటి, ఇది చెప్పుకోడానికి మనకే బాధ. మన ప్రాంతానికి సినిమావాళ్ళు కట్టిన పేరు మీకు తెలుసు. గట్టు తగాదాలు, కాలవ నీళ్ళ తగాదాలు మనకి కొత్తగాదు. మాట మాట పెరిగినప్పుడు చేతిలో కట్టె ఉంటే తల పగులుతాది, పొద్దున్నే ఆసుపత్రికి పోయి కుట్లేయించుకుంటారు. అదే ఇంట్లో తుపాకీ ఉంటే? పంది కోసం తెచ్చిన తుపాకీ పంది కోసమే ఉంటాదని ఎవరూ బాండు రాసియ్యలేరు.

"అవన్నీ సరేలేప్పా, కాలిస్తే పందులు తగ్గుతాయి గదా" అంటారా? టెక్సాస్‌నే చూడండి. అక్కడ 2011 నుంచి హెలికాప్టర్ ఎక్కి కాల్చడానికి కూడా చట్టం ఒప్పుకుంటాది. అన్ని తుపాకులు, అన్ని గుండ్లు ఉండీ అక్కడ పందులు ఇంకా లక్షల్లోనే ఉండాయి. మిస్సోరి అనే ఇంకో రాష్ట్రంలో 2016లో వాళ్ళ వన్యప్రాణి శాఖ తన భూముల్లో పందుల వేటనే ఆపించింది. ఎందుకంటే ఒకటి రెండు కాలిస్తే మంద చెదిరిపోయి, కొత్త చోట్లకి పోయి పిల్లలు పెడతాండాయని. దాని బదులు పెద్ద బోను పెట్టి మొత్తం మందని ఒకేసారి పట్టే పద్ధతి తీసుకున్నారు. తుపాకీ అంగట్లో దొరికే దేశమే ఆ మాట అంటే మనం ఆలోచించాల గదా.

మరి లక్షతో ఏం చేయాల? లెక్క చెప్తాను, కాయితం తీసుకోండి. మూడెకరాల చేను చదరంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 440 మీటర్లు. పక్కపక్కనే ఉన్న నలుగురు రైతులు ఎవరికి వాళ్ళు కంచె వేసుకుంటే 1,760 మీటర్ల తీగ. నలుగురూ కలిసి పన్నెండెకరాలకి ఒకటే కంచె వేస్తే 880 మీటర్లు. సరిగ్గా సగం. రాళ్ళు సగం, కూలి సగం. నాలుగు బ్యాటరీల బదులు ఒకటి. మేము నలుగురం అట్లనే చేసినాం, సోలార్ తీగ. ఒక్కొక్కరికి ఇరవై రెండు వేలు పడింది. తీగకి గడ్డి తగిలితే షాక్ పోతాది, కాబట్టి వారానికొకసారి కొడవలి పట్టుకోని చుట్టూ తిరగాల. కింది తీగ నేలకి అడుగులోపే ఉండాల, లేకుంటే పంది కింద నుంచి దూరుతాది. వానాకాలం మబ్బు పట్టినప్పుడు బ్యాటరీ చూసుకోవాల. పని ఉండాది, కాని పంట మిగులుతాది.

డబ్బు అంత కూడా లేనోళ్ళకి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు చెప్పే చిన్న ఉపాయాలు ఉండాయి. వేరుశనగ చుట్టూ నాలుగు సాళ్ళు కుసుమ వేస్తే దాని ముళ్ళకి పంది వెనక్కి పోతాది. కుసుమ మన నంద్యాల నల్లరేగడికి కొత్త పంటేం కాదు. మొక్కజొన్న చుట్టూ ఆముదం వేస్తే ఆ వాసనకి లోపలి పంట వాసన పందికి తగలదు. పందికి చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. రంగు రంగుల పాత చీరలు, మంగలి షాపు వెంట్రుకలు కొన్నాళ్ళు పనిచేస్తాయి. ఒకటే ఉపాయం రోజూ వాడితే పంది అలవాటు పడతాది, మారుస్తా ఉండాల.

చేయకూడనిది ఒకటుంది. స్తంభం నుంచి నేరుగా కరెంటు తీగ లాగొద్దు. సోలార్ తీగ షాక్ కొట్టి వదిలేస్తాది, లైను కరెంటు పట్టుకుంటే వదలదు. ఆ తీగకి పందికంటే ముందు మన ఎద్దో, మన మనిషో పడతాడు.

"నీకు కంచె ఉంది, పంది వచ్చి నా చేన్లో పడతాంది" అని ఒక కౌలు రైతు నాతో అన్నాడు. ఆయన మాట నిజం. కంచె పందిని చంపదు, పక్కకి మళ్ళిస్తాది. కౌలు రైతు వచ్చే ఏడు ఆ భూమిలో ఉంటాడో లేదో తెలియదు, ఇరవై వేలు పెట్టి ఇంకొకరి భూమికి కంచె ఎట్ల వేస్తాడు? భూమి ఉన్న ఆసామి కంచెలో కనీసం సగం పెట్టుకోవాల. కంచె భూమితోపాటే ఉంటాది, కౌలుదారుతో పోదు. ఈ మాట కొందరికి చేదుగా ఉంటాది, అయినా అనాల్సిందే.

కాల్చి తగ్గించాల్సిన చోట ఆ పని సర్కారు బాధ్యత. 2022 మేలో కేరళ ప్రభుత్వం పంచాయతీ అధ్యక్షులకి గౌరవ వన్యప్రాణి వార్డెన్ హోదా ఇచ్చి, లైసెన్సున్న షూటర్లతో పందిని కాల్పించే అధికారం ఇచ్చింది. అట్లాంటిది మన కొండ కింద మండలాల్లో అడుగుదాం. నేర్చినోడు, అనుమతితో, అందరికీ ముందు చెప్పి కాల్చాల.

ఇంకోటి ముఖ్యం. అడవి జంతువులు తిన్న పంటకి కూడా ఫసల్ బీమాలో అదనపు రక్షణ ఇస్తామని 2025 నవంబరులో కేంద్రం చెప్పింది, 2026 ఖరీఫ్ నుంచి. నష్టం జరిగిన 72 గంటల లోపల బీమా యాప్‌లో ఫోటోలతో తెలపాల. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అనేది రాష్ట్రం ప్రకటించాల. ఆ జాబితాలో మన మండలాలు లేకపోతే మన ఫోటోలకి విలువ ఉండదు. అడిగినోనికే దక్కుతాది.

కాబట్టి ఈ వారం మూడు పనులు చేయండి. మీ పక్క చేన్లోళ్ళని కూర్చోబెట్టి కంచె లెక్క వేయండి. పంది పడిన ప్రతిసారీ తారీఖు, సర్వే నంబరు, ఎంత విస్తీర్ణమో ఫోటోతో రాసి పెట్టండి. వచ్చే గ్రామసభలో షూటర్ల కోసం, బీమా జాబితా కోసం తీర్మానం రాయించి, దాని నకలు అటవీ ఆఫీసుకి, వ్యవసాయ ఆఫీసుకి ఇచ్చి రసీదు తీసుకోండి. తీర్మానం ఎట్ల రాయాలో తెలియకపోతే కింద మీ ఊరి పేరు పెట్టండి, నమూనా నేను రాసిస్తాను.