అమెరికా ల్యాప్‌టాప్ మీద మోజు వద్దు, ఇంటి అవసరం చూసి కొనండి

దుబాయి, కువైట్, దోహా, రియాద్ క్యాంపుల్లో ఉన్న మన అన్నదమ్ములు ఫ్రీమాంట్‌లో ఉన్న మమ్మల్ని తరచూ అడిగే కోరిక ఒకటుంది. "అన్నా, ఊరికి పోయేటప్పుడు పిల్లగానికి ఒక ల్యాప్‌టాప్ పట్టుకరా. అమెరికాలో రేటు తక్కువంట, సరుకు ఒరిజినలంట. పైసలు పంపిస్త." అడిగేవాళ్లు బామ్మర్దులు, చిన్నాయన కొడుకులు, ఊరివాళ్లు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే అందరికీ కలిపి చెబుదామని ఇది రాస్తున్నాం. అమెరికా నుంచి ల్యాప్‌టాప్ తెప్పించుకోవడం మనలాంటి వాళ్లకు లాభం కాదు. అంతకంటే ముఖ్యం, ఏది కొనాలో తెలియకుండా ఎక్కడ కొన్నా నష్టమే.

మేం ఇంజనీర్లం కాదు. ఇంటర్‌తో చదువు ఆపి, ఇక్కడి ఆఫీసుల్లో బిల్లులు, ఫైళ్లు చూసుకునే గుమాస్తాలం. రోజంతా కంప్యూటర్ ముందే కూర్చుంటాం కాబట్టి ఏ మిషను ఎంత పని చేస్తుందో, ఏది రెండేళ్లకే మొరాయిస్తుందో మాకు తెలుసు.

'అమెరికా సరుకు' అనేది ఎక్కడుంది?

మేం ఉంటున్న ఫ్రీమాంట్ కంప్యూటర్ల ఊరే. ఆపిల్ కంపెనీ 1984లో మాకింతోష్ కంప్యూటర్ల ఫ్యాక్టరీ పెట్టింది ఇక్కడే. అది 1992లో మూతపడింది. తైవాన్ కంపెనీ ఆసుస్‌కు అమెరికా ఆఫీసు కూడా ఈ ఊళ్లోనే ఉంది. అలాగని ఇక్కడి షాపుల్లో అమ్మే ల్యాప్‌టాప్‌లు ఇక్కడ తయారైనవి కావు. చాలావరకు చైనా, వియత్నాంలలో తయారవుతాయి. దుబాయిలో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు షాపులో ఉన్నదీ, సికింద్రాబాద్ సీటీసీలో ఉన్నదీ, ఇక్కడ ఉన్నదీ చాలాసార్లు అటువంటి ఫ్యాక్టరీల నుంచి వచ్చిన సరుకే. పెట్టె మీద దేశం పేరు చదివితే మీకే తెలుస్తుంది.

ఈ ఊరి నుంచే ఇంకో పాఠం ఉంది. ఎవరెక్స్ అనే ఫ్రీమాంట్ కంపెనీ 2008లో క్లౌడ్‌బుక్ పేరుతో 400 డాలర్ల లోపు చిన్న ల్యాప్‌టాప్ తెచ్చింది. అప్పట్లో చవకని చెప్పుకున్నారు. ఆ కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు. కంపెనీ పోయాక ఛార్జర్ పాడైతే, బ్యాటరీ పోతే ఎవరినడగాలి? అందుకే చవక ఒక్కటే చూడకూడదు. రేపు బాగుచేసేవాడు మన ఊరి దగ్గర ఉన్నాడా లేదా అన్నది కూడా చూడాలి.

రేటు లెక్క ఇదీ

అమెరికా షాపులో రాసిన ధరలో పన్ను కలిసి ఉండదు. కౌంటర్ దగ్గర కలుపుతారు. ఫ్రీమాంట్‌లో ఆ పన్ను 10 శాతం దాటుతుంది. 500 డాలర్ల వస్తువు చేతికొచ్చేసరికి 550 దాటుతుంది. దుబాయిలో 2018 నుంచి ఉన్న వ్యాట్ 5 శాతమే, అదీ రాసిన ధరలోనే కలిసి ఉంటుంది. మన దేశంలో జీఎస్టీ 18 శాతం ఉన్నా బోర్డు మీది ధరలో అదీ కలిసే ఉంటుంది. కాబట్టి మూడు చోట్లా పన్ను కలిపిన ధరలు పక్కపక్కన పెట్టి, ఆ రోజు మారకం రేటుతో చూడండి. మీరనుకున్నంత తేడా ఉండదు.

నవంబరులో ఇక్కడ పెద్ద తగ్గింపుల అమ్మకాలు జరిగే మాట నిజమే. అయితే గుమ్మం ముందు బోర్డు పెట్టి అమ్మేవి చూస్తే తక్కువ ర్యామ్, తక్కువ స్టోరేజీ ఉన్నవే ఎక్కువగా కనబడతాయి.

ఇక కస్టమ్స్. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా ఇండియాకు తెచ్చుకోవచ్చు. ఒక్కటే. అమెరికా నుంచి వచ్చే మనిషి భుజాన తన ల్యాప్‌టాప్ ఉంటుంది. మీది రెండోది అవుతుంది. అది మామూలు సామాను లెక్కలోకి వచ్చి, పరిమితి దాటితే సుంకం పడుతుంది. 2023 ఆగస్టులో మన ప్రభుత్వం ల్యాప్‌టాప్ దిగుమతులకు లైసెన్సు పెడతామన్నప్పుడు చాలామంది భయపడ్డారు. అప్పుడు కూడా ప్రయాణికుడి సామానులో ఒక ల్యాప్‌టాప్‌కు అడ్డు చెప్పలేదు. ఆ సౌకర్యం క్యాంపులో ఉన్న మీకూ ఉంది. సెలవుకు వెళ్లేటప్పుడు మీ చేతిలో మీరే తీసుకుపోవచ్చు. మధ్యలో అమెరికా బంధువు ఎందుకు?

వారంటీ సంగతి అన్నిటికన్నా పెద్దది. చాలా మోడళ్లకు కొన్న దేశంలోనే వారంటీ ఉంటుంది. ఇక్కడ కొన్నది జగిత్యాలలో చెడిపోతే బాగుచేయించే ఖర్చు మీదే. బంధువు ఎలాగూ వస్తున్నాడు, అతని దగ్గర వేరే ల్యాప్‌టాప్ లేదు, ఆ మోడల్‌కు ఇండియాలో వారంటీ చెల్లుతుందని కంపెనీయే చెప్పింది అంటే, అప్పుడు తెప్పించుకోండి. ఆ మూడూ కుదరకపోతే వద్దు.

ఎవరికి, ఎందుకు?

కొనేముందు ఇంటికి ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: దీంతో రోజూ ఏం పని చేస్తారు?

పదో తరగతి లోపు పిల్లలకు ల్యాప్‌టాప్ తప్పనిసరి కాదు. 2020లో బడులు మూసినప్పుడు తెలంగాణలో పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో వచ్చాయి. టీవీ, ఫోనుతోనే చాలామంది గట్టెక్కారు. ఇంట్లో డబ్బు బిగుతుగా ఉంటే ఈ వయసు పిల్లలకు ఆ డబ్బు ట్యూషన్‌కు, పుస్తకాలకు పెట్టడమే మేలు.

ఇంటర్, డిగ్రీ పిల్లలకు దరఖాస్తులు, నోట్సు, వీడియో పాఠాలు, టైపింగ్ పని ఉంటుంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు. బీటెక్‌లో చేరిన వాడు 'గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలి, కాలేజీలో అందరూ అదే కొంటున్నారు' అంటాడు. మొదటి సంవత్సరం నేర్పే సీ, పైథాన్ ప్రోగ్రాములకు అది అక్కర్లేదు. అది బరువెక్కువ, బ్యాటరీ తక్కువసేపు వస్తుంది, ధర రెట్టింపు దాకా ఉంటుంది. డిజైన్ సాఫ్ట్‌వేరో వీడియో ఎడిటింగో నిజంగా చేసేవాడికి గ్రాఫిక్స్ కార్డు కావాలి. అది కూడా కాలేజీ సారును అడిగి తెలుసుకోవాలి, దోస్తును కాదు.

లెక్క చూడండి. నెలకు వెయ్యి దిర్హాములు వచ్చే మనిషికి 2,500 దిర్హాముల ల్యాప్‌టాప్ అంటే రెండున్నర నెలల చెమట. అదే 60,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,200, ఏడాదికి 14,400 వడ్డీయే అవుతుంది. దూరంగా ఉన్న తండ్రికి పిల్లలు అడిగింది కాదనడం కష్టం. ఎదురుగా లేమన్న బాధను వస్తువుతో తీర్చాలనుకుంటాం. అది తప్పు కాదు. కానీ పెద్ద ధర పెట్టినంత మాత్రాన పెద్ద ప్రేమ కాదు. ఎంత పని ఉందో అంత మిషను కొని, మిగిలింది ఫీజుకు దాచడమే అసలు ప్రేమ.

పెట్టె మీద ఏం చూడాలి?

ర్యామ్: 8 జీబీకి తగ్గొద్దు. నాలుగేళ్లు వాడాలంటే 16 ఉంటే నిశ్చింత. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ర్యామ్ తర్వాత పెంచుకోవడానికి వీలున్న మోడలా కాదా అని ముందే అడగండి. కొన్నిటిలో బోర్డుకే అతికించి ఉంటుంది.

స్టోరేజీ: ఎస్‌ఎస్‌డీ ఉండాలి. పాత రకం హార్డ్ డిస్క్ ఒక్కటే ఉన్నది తీసుకోవద్దు. 256 జీబీ సరిపోతుంది, 512 ఉంటే మంచిది. 64 జీబీతో వచ్చేవి చవకగా ఉంటాయి గానీ విండోస్ అప్‌డేట్లకే నిండిపోతాయి.

స్క్రీన్: ఫుల్ హెచ్‌డీ అని ఉండాలి. గంటలకొద్దీ చదివే పిల్లల కళ్లకు అది అవసరం.

ఛార్జర్: దాని మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని రాసి ఉంటే ఏ దేశంలోనైనా పనిచేస్తుంది, ప్లగ్గు మాత్రం మార్చుకోవాలి.

'ఏఐ పీసీ' అనే స్టిక్కర్ చూసి అదనంగా డబ్బు పెట్టొద్దు. ఇంటి పనికి అది లేకపోయినా ఏ లోటూ రాదు.

పాత మిషన్లతో జాగ్రత్త

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ చిప్ సాధారణంగా 8వ తరం లేదా ఆ తర్వాతిది కావాలి. అది లేని పాత మిషన్లను ఆఫీసులు వదిలించుకుంటాయి. అవి సెకండ్ హ్యాండ్ షాపులకు, అక్కడి నుంచి మనలాంటి వాళ్ల చేతికి వస్తాయి. 'ఐ5, ఒరిజినల్ అమెరికా పీసు' అంటారు. ఐ5 అన్న మాటతో ఏమీ తేలదు. తర్వాతి అంకె చూడండి. 6300 అంటే 6వ తరం, వద్దు. 8250 అంటే 8వ తరం, ఫర్వాలేదు. 1135 అంటే 11వ తరం, మంచిది.

సెకండ్ హ్యాండ్ మొత్తం చెడ్డదని మేం అనడం లేదు. ఆఫీసుల్లో వాడిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటివి గట్టివి. చవక కొత్తదాని కంటే మంచి తరం పాతదే ఎక్కువ కాలం వస్తుంది. కాకపోతే మూడు పరీక్షలు చేయండి. ఛార్జర్ తీసి అరగంట నడపండి, బ్యాటరీ ఎంత తగ్గిందో చూడండి. అన్ని మీటలు నొక్కి చూడండి. విండోస్ కొత్తగా వేయించి నెట్‌కు కలపండి. ఏదో కంపెనీ పేరు వచ్చి లాగిన్ అడిగితే అది ఇంకా ఆ కంపెనీ తాళంలోనే ఉందని అర్థం. డబ్బు ఇవ్వొద్దు. దొంగ విండోస్ వేసిస్తామన్నా ఒప్పుకోవద్దు. ఇంటికి పైసలు పంపే బ్యాంకు పాస్‌వర్డు కొట్టేది అందులోనే.

మా సలహా

పిల్లలు ఇంటి దగ్గర వాడేదైతే ఇంటి దగ్గరే కొనండి. కరీంనగర్, నిజామాబాద్, కడప, హైదరాబాద్, ఎక్కడైనా కంపెనీ సర్వీస్ సెంటర్ ఉన్న ఊళ్లో కొనాలి. పిల్లవాడు మోడల్ నంబరు రాసి మీకు వాట్సాప్‌లో పంపాలి. మీరు క్యాంపులో తెలిసినవాళ్లకు చూపించి, రెండు షాపుల ధర అడిగాకే డబ్బు పంపాలి. జీఎస్టీ బిల్లు ఇంట్లోవాళ్ల పేరున తీసుకోవాలి.

గల్ఫ్‌లోనే కొనేట్టయితే ఇండియాలో వారంటీ ఉందా అని అడిగి బిల్లు మీద రాయించండి. అక్కడి కీబోర్డు మీద అరబ్బీ అక్షరాలు కూడా ఉంటాయి, దానితో ఇబ్బంది లేదనుకుంటేనే తీసుకోండి. విమానంలో దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోండి.

అన్నలూ, తమ్ముళ్లూ! మీ బంధువు అమెరికాలో ఉన్నాడంటే అతన్ని సరుకు మోయమని కాదు, సలహా అడగండి. మోడల్ నంబరు పంపితే మంచిదో కాదో చూసి చెప్పడానికి అతనికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలతో మీ నెల జీతం మిగలొచ్చు.