నావలును వాని నకళ్లును

లండను నగరమందలి సైన్సు మ్యూజియములో 1963 వ సంవత్సరమున తెఱువబడిన నౌకాప్రదర్శనశాల యొకటి దాదాపు ఏబదియేండ్లు నడచి 2012 లో మూయబడినది. అందు ఓడల నమూనాలు, యంత్రములు, దేశదేశముల పడవల ప్రతిరూపములు కలిసి సుమారు 1800 వస్తువు లుండెడివి. వానిని పెట్టెలలో సర్ది గోదాములకు పంపుటకు ముందు, కాంతికిరణముతో దూరమును కొలుచు యంత్రమును శాలయంతట నిలిపి 275 మాఱులు కొలతలు తీసిరి. అట్లు లభించిన బిందువులు రెండువందల కోట్లు. ఆ బిందువులన్నియు చేరి కంప్యూటరు తెరపై ఆ శాలను మరల నిలువబెట్టినవి. చూచువాడు పక్షివలె ఆ నౌకల నడుమ నెగురుచు పోవచ్చును. ఖాళీయైన ఆ తావుననే 2014 లో సమాచారయుగమను పేర వేఱొక ప్రదర్శనమును తెఱచిరి. నౌకలు సమాచారముగా మాఱిపోగా వాని చోటును సమాచారమే యాక్రమించినదన్నమాట!

ఈ వృత్తాంతము మాకు సంతోషమును కలిగించినదో, విచారమును కలిగించినదో తేల్చుకొనలేకున్నాము. ఓడల ప్రదర్శనశాలలందు డిజిటల్ సాధనముల వాడుక నానాటికి పెరుగుచున్న యీ కాలమున ఆ తేల్చుకొనుట మనకందఱకును అవసరము. ఏలయన, మనకును తొమ్మిదివందల కిలోమీటర్లకు పైబడిన తీరము కలదు. ఆ తీరమున రేవులు కలవు, రేవులు పోయిన ఊళ్లును కలవు.

దస్తావేజులతో పరిచయము గలవారికి అసలునకును నకలునకును గల భేదము తెలియును. అసలు చేతనుండగా నకలును చూపిన న్యాయస్థానము సాధారణముగా నంగీకరింపదు. అసలు నశించినదని రుజువుచేసిన పిమ్మటనే నకలు నిలుచును. అదియును అసలు ఉండగా దానితో సరిచూచి తీసినదై యుండవలెను గాని, పోయిన తరువాత తలచుకొని వ్రాసినదై యుండరాదు. ఈ రెండు మాటలును ఓడలకు చక్కగా వర్తించును. ఇందు మొదటిదానిని మఱచినవారు నకలు చేతికి రాగానే అసలును పాఱవేయుదురు. రెండవదానిని మఱచినవారు అసలు చేజాఱిన పిదప నకలుకొఱకు వెదకుదురు.

సకాలమున తీసిన నకలు ఎట్టి మేలు చేయునో తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1816 ప్రాంతమున కాలిన్ మెకంజీ దొర అమరావతి స్తూపశిలలను చిత్రకారులచే గీయించెను. ఆ శిలలలో ననేకములు ఆ తరువాత కనబడకుండ పోయినవి. కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. ఆ శిలలపై నేమి చెక్కియుండెనో నేడు చెప్పుటకు ఆ కాగితపు చిత్రములే సాక్షులు. ఆ చిత్రకారుల చేతి కుంచెలు చేసిన పనినే నేటి యంత్రములు మిక్కిలి సూక్ష్మముగా చేయుచున్నవి. అంతియే భేదము.

కాని నకలు చేతనుండుట ఒక్కొక్కచో అపాయమునకును దారితీయవచ్చును. విక్రాంత్ యుద్ధనౌక కథను చదువరులు మఱచియుండరు. ఆ విమానవాహిని 1961 లో మన నౌకాదళమున జేరి, 1971 యుద్ధమున బంగాళాఖాతమందు పాల్గొని, 1997 లో విశ్రాంతి నొందెను. తరువాత ముంబయిలో కొన్నియేండ్లు ప్రదర్శనశాలగా నిలిచి, 2012 లో సందర్శకులకు మూతపడెను. 2014 లో దానిని సుమారు 60 కోట్ల రూపాయలకు వేలము వేసిరి. అడ్డుకొనగోరినవారు సుప్రీముకోర్టు దాక పోయిరి, ఫలింపలేదు. ఆ యేడాది నవంబరులో దానిని విఱుచుట మొదలిడిరి. ఆ లోహములో కొంత మోటారుసైకిళ్లలో కలిసినది. అట్టి ఓడను నిలుపుటకు కోట్లు కావలెననుట నిజమే. ఉప్పునీటిలో నున్న ఉక్కు ఎవ్వరి దేశభక్తిని లక్ష్యపెట్టదు. అయినను ఆ వేలమునాటికి రెండువందల కోట్ల బిందువుల నకలొకటి అధికారుల చేతనుండినచో, వారి చేయి వణకుటకు బదులు మఱింత ధైర్యముగా సుత్తిని కొట్టియుండెడిదేమోయని మా శంక. యంత్రము తీసిన బొమ్మ ఓడను విఱుచుటకు అనుమతిపత్రము కారాదు.

ఈ సాధనములు అసలును నిలుపుటకే ఎట్లుపయోగపడునో స్వీడను దేశస్థులను చూచి నేర్వవచ్చును. వాసా యను వారి యుద్ధనౌక 1628 ఆగస్టులో తొలిప్రయాణముననే స్టాక్‌హోము రేవులో మునిగి, 333 ఏండ్లు నీటియడుగున నుండి, 1961 లో వెలికి తీయబడెను. తడిసిన కొయ్య ఆఱినచో ముడుచుకొని పగులును. కావున నీటికి బదులు ఒక విధమైన మైనపు పదార్థము కొయ్యలోనికి ఇంకునట్లు 1962 మొదలు 1979 వఱకు పదునేడేండ్లు చల్లిరి. ఇంత చేసినను ఓడ కదలకుండ నిలువలేదు. తన బరువునకు తానే క్రుంగుచు, ఒకవైపునకు మెల్లగా ఒఱగుచున్నది. ఈ కదలిక కంటికి కనబడునది కాదు. ఓడ మేనియందు నిలిపిన వందలకొలది గురుతులను కిరణయంత్రముతో ఏటేట కొలిచి, పాత లెక్కతో క్రొత్త లెక్కను పోల్చుటచేతనే తెలిసినది. ఆ లెక్కలను బట్టియే 2024 లో ఓడకు క్రొత్త ఆధారములు కట్టు పనికి పూనుకొనిరి. ఇచ్చట కొలత నాడి చూచు వైద్యుని పనిని చేసినది.

మన విశాఖపట్టణపు సముద్రతీరమున నిలిచియున్న కుర్సురా జలాంతర్గామికి ఇట్టి వైద్యము కావలెను. 91 మీటర్ల పొడవు గల ఆ నౌక 1969 డిసెంబరులో నౌకాదళమున ప్రవేశించి, 2001 లో విరమించి, 2002 ఆగస్టునుండి ప్రదర్శనశాలగా నున్నది. దినదినము ఉప్పుగాలి దాని నంటుచునే యున్నది. పైరేకు ఏ చోట ఎంత మందమున్నదో శబ్దతరంగములతో కొలుచు పరికరములు కలవు. ఆ కొలతలను ఏటేట తీసి, ఓడ ఆకృతిపై గుర్తించి, ప్రజలు చూచునట్లు గోడపై వ్రేలాడగట్టవలెనని మా కోరిక. గుడి గోపురమునకు బీట పడినచో ఊరంతకు తెలియును. ఈ ఓడ సంగతియు ఊరికి తెలియవలదా? మఱియొక మాట. లోపలి దారులు ఇఱుకు. గదినుండి గదికి పోవుటకు గుండ్రని రంధ్రములలో దూరవలెను. వృద్ధులును, కాళ్లు లేనివారును బయటనే నిలిచిపోవుదురు. అట్టివారికి తెరపై లోపలనంతయు చూపించుట వినోదము కాదు, న్యాయము.

ఇక చిన్న వస్తువుల సంగతి. శాతవాహనుల సీసపు నాణెములపై రెండు స్తంభముల నావ కలదు. అఱిగిన నాణెమును ఎదురువెలుతురున చూచిన ఏమియు తోపదు. కెమేరాను కదలింపక దీపమును మాత్రము నలువైపులనుండి మార్చుచు అనేక ఛాయాచిత్రములు తీసి కలిపినచో, ఏ కోణమున కావలసిన ఆ కోణమున వెలుగు పఱచి త్రాళ్లగీతలను సైతము చదువవచ్చును. కాకతి గణపతిదేవుడు 1244 లో మోటుపల్లియందు నిలిపిన అభయశాసనమును కూడ ఇట్లే చదువవచ్చును. తుఫానున చిక్కి తీరమున బడిన ఓడల సొమ్మును అపహరింపక, నియమితమైన సుంకము మాత్రమే గొందునని సముద్రవర్తకులకు హామీయిచ్చిన శాసనమది. నేటి శాసనకర్తలు దానిని ఒకమాఱు చదివినను తప్పులేదు.

అయితే మన నావలలో పెక్కింటికి శిలయు లేదు, నాణెమును లేదు. కోరంగి రేవునుండి ఓడలెక్కి పోయిన తెలుగువారికి బర్మాలో కోరంగీలను పేరే నిలిచినది. ఆ రేవునో 1789 లోను 1839 లోను ఉప్పెనలు ముంచెత్తినవి. అలల దెబ్బకు మేకులు ఊడునని పలకలను కొబ్బరిత్రాటితో కుట్టిన మసూలా పడవలు తీరమెల్ల నుండెడివి. ఇపుడు వాని స్థానమున ఫైబరు పడవలున్నవి. పోయినదానిని మరల తెచ్చుట ఎంత ప్రయాసమో కౌండిన్య నావ చెప్పును. అయిదవ శతాబ్దపు అజంతా చిత్రమును ఆధారముగా గొని ఆ కుట్టునావను నిర్మించి 2025 మేలో కార్వారున నౌకాదళమున చేర్చుకొనిరి. దానికి పాత కొలతపత్రములు లేవు. చిత్రమునుండి ఆకృతి నూహించి, మద్రాసు ఐ.ఐ.టి. వారిచే నమూనాను నీటిలో పరీక్షింపజేసి, కేరళ పనివారిచే కుట్టించిరి. కుట్టు నెఱిగిన చేతులు ఇంకను మిగిలియుండుటచేత పని నెఱవేఱినది.

నకలు తీయుటతో పని ముగియదని మఱియొక హెచ్చరిక. 1986 లో ఇంగ్లండున బి.బి.సి. వారు, 1086 నాటి డూమ్స్‌డే గ్రంథమునకు తొమ్మిదివందలవ యేట, దేశమంతటి విశేషములను లేజరు పళ్లెములకెక్కించిరి. ఇరువదియేండ్లైన గడవకమునుపే ఆ పళ్లెములను చదువు యంత్రములు కఱవై, వానిని కాపాడుటకు వేఱుగ యత్నింపవలసి వచ్చెను. పాతగ్రంథమునో నేటికిని చదువవచ్చును. తాళపత్రములు శిథిలమగునని యెఱిగి మన పెద్దలు తరమునకొకమాఱు తిరిగి వ్రాసికొనిరి. ప్రదర్శనశాలవారు యంత్రములకు డబ్బు కేటాయించుట చూచుచున్నాము. ఏటేట ప్రతులను తెఱచి చూచి, క్రొత్తరూపునకు మార్చి, వేర్వేరు ఊళ్లలో దాచు ఉద్యోగికి జీతమెవ్వరు కేటాయింతురు? ప్రజల సొమ్ముతో తీసిన కొలతలు గుత్తదారుని పెట్టెలో తాళము పడియుండుటయు మేమొప్పము. ఒప్పందపు తొలి షరతుగా వానిపై హక్కు ప్రజలదని వ్రాయవలెను. గ్రంథాలయములో కూర్చున్న విద్యార్థికి అవి ఉచితముగా దొరకవలెను.

లోథల్‌లో గొప్ప సముద్రవారసత్వ సంకులమును నిర్మించుటకు కేంద్రప్రభుత్వము 2024 లో అనుమతి నిచ్చినది. సంతోషమే. మన రాష్ట్రమువారు అంతటి భవనము కొఱకు వేచియుండనక్కఱలేదు. ఒక కెమేరా, ఒక కొలత త్రాడు, ఇద్దఱు విద్యార్థులు చాలును. గోదావరి మొగదలలలో కొయ్య దోనెలు కట్టిన వృద్ధులను వెదకి, వారు వంపు కొలుచు తీరును, కొయ్య నేరుకొను తీరును, ఒక్కొక్క బద్దకు వారు చెప్పు పేరును వారి నోటనే నమోదు చేయవలెను. ఓడగీతలను యంత్రము కొలువగలదు. ఆ బద్దపేరును మాత్రము ముసలివాడే చెప్పవలెను. ఈ వేసవి సెలవులలో కాకినాడ కళాశాలలవారు పూనుకొన్నచో వర్షములు వచ్చులోపుగ కొంత పని కాగలదు.