తోయగలవా, లాగగలవా, ఎత్తగలవా?

2024 జూలైలో తెలంగాణలోని ఒక సీనియర్ ఐఏఎస్ అధికారిణి సామాజిక మాధ్యమంలో ఒక ప్రశ్న వేశారు. వైకల్యం ఉన్నవారిని ఏ విమాన సంస్థయినా పైలట్‌గా పెట్టుకుంటుందా, అలాంటి సర్జన్‌ను మీరు నమ్ముతారా, మరి ఐఏఎస్‌లో ఈ కోటా దేనికి అని. గంటల తరబడి తిరగాలి, జనం గోడు స్వయంగా వినాలి, దానికి ఒంట్లో సత్తువ ఉండాలన్నది ఆమె వాదన. పెద్ద దుమారమే రేగింది. అయితే ఆ రోజు ఆమెను తిట్టిపోసినవాళ్లలో చాలామంది తమ ఆఫీసుల్లో నమ్మేదీ అదే. కాకపోతే అంత సూటిగా అనరు. ‘పాపం, ఇవ్వాలనే ఉందండీ, మాది మూడో అంతస్తు’ అంటారు.

ముందు పైలట్ సంగతి చూద్దాం. డగ్లస్ బేడర్ 1931లో విమానం కూలి రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. కృత్రిమ కాళ్లతోనే రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున ఫైటర్ విమానాలు నడిపాడు. అంత దూరం పోనక్కర్లేదు. చూపు మందగించిన పైలట్లు కళ్లజోడు పెట్టుకుని రోజూ మనల్ని గమ్యం చేరుస్తున్నారు. జోడు తీసేసి నడిపి చూపించమని వాళ్లనెవరూ అడగరు.

ఇక జిల్లా కలెక్టరు. తిరగడానికి కారు, అది తోలడానికి డ్రైవరు, దారి చేయడానికి దఫేదారు, చెప్పింది రాసుకోవడానికి సీసీ, ఫైళ్లు మోయడానికి అటెండరు. ఒక్క మనిషి శరీరంతో అయ్యే పని కాదని తెలిసే ప్రభుత్వం జీతాలిచ్చి వీటన్నిటినీ సమకూర్చింది. వీటి పక్కన ఒక ర్యాంపు, ఒక స్క్రీన్ రీడరు చేరితే పాలన ఆగిపోతుందా? పోలియో వల్ల జీవితమంతా ఊతకర్రలతో నడిచిన ఎస్. జైపాల్ రెడ్డి కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు శాసనసభకు గెలిచారు. ఆ తర్వాత లోక్‌సభకు వెళ్లారు, కేంద్ర మంత్రి అయ్యారు. ఊరూరా తిరిగి ఓటు అడగడాన్ని మించిన ఫీల్డు డ్యూటీ ఐఏఎస్‌లో ఏముందో నాకైతే తెలియదు.

పరీక్ష పెట్టేది పనికి కాదు, ఒంటికి. ఇరా సింఘాల్‌కు జరిగింది ఇదే. వెన్నెముక వంపు ఉన్న ఆమె 2010 సివిల్స్‌లో రెవెన్యూ సర్వీసుకు అర్హత సాధించారు. ఉద్యోగం ఇవ్వలేదు. తోయలేరు, లాగలేరు, ఎత్తలేరు అన్నారు. పన్నుల అధికారి ఏం తోయాలి, బీరువాలా? ఆమె ట్రిబ్యునల్‌కు వెళ్లి గెలిచారు. తర్వాత 2014 సివిల్స్‌లో దేశం మొత్తానికి మొదటి ర్యాంకు తెచ్చుకున్నారు. ఆ ర్యాంకు రాకపోయినా మొదటి ఉద్యోగం ఆమెదేనని గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఎందుకంటే వికలాంగులు అద్భుతాలు చేస్తేనే మనకు నచ్చుతారు. డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవం నాడు, శాలువా కప్పడానికి ఒక టాపర్ కావాలి. పొద్దున వచ్చి, ఉన్న పని చేసి, సాయంత్రం టిఫిన్ డబ్బా పట్టుకుని ఇంటికి పోయే మామూలు గుమస్తాగా బతికే వీలు అందరికీ ఉంది, ఒక్క వీళ్లకే లేదు.

అలాంటి మామూలు ఉద్యోగి కథ ఒకటి ఆర్టీసీలో జరిగింది. 2014లో డ్రైవరుగా చేరిన ఒకాయనకు రంగులు సరిగా గుర్తుపట్టలేని లోపం ఉందని వైద్య పరీక్షలో తేలింది. స్టీరింగ్ ఇవ్వకపోవడం సబబే. ఆయనా బస్సు అడగలేదు, శ్రామిక్ పోస్టయినా ఇవ్వండన్నాడు. 2016లో అన్‌ఫిట్ అని ఇంటికి పంపేశారు. ఇలాంటి డ్రైవర్లకు వేరే పని చూపాలని 1979లో యాజమాన్యం, కార్మికులు చేసుకున్న ఒప్పందంలోనే ఉంది. గ్యారేజీ, స్టోర్సు, పార్శిల్ కౌంటరు ఉన్న సంస్థలో ఆయన చేయగల పని ఒక్కటీ లేదా? ఆ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2025 ఆగస్టు 1న కోర్టు ఎనిమిది వారాల్లో తగిన ఉద్యోగం ఇవ్వాలని, జీతం బకాయిల్లో 25 శాతం చెల్లించాలని తీర్పు చెప్పింది. నిజానికి ఎవరైనా ఒక పూట డిపోలో తిరిగి చూస్తే తేలిపోయే విషయం.

ఖర్చు మాట వస్తుంది, రావాలి కూడా. చూపులేని ఉద్యోగి కంప్యూటరు మీద పనిచేయడానికి వాడే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడరు ఉచితం. తెలుగు కూడా చదువుతుంది. మన ఆఫీసు అలవాట్ల దగ్గరే దానికి నోరు పెగలదు. కంప్యూటర్లో కొట్టిన ఉత్తర్వును ప్రింటు తీస్తాం, సంతకం పెట్టి ముద్ర గుద్దుతాం, మళ్లీ స్కాన్ చేసి పీడీఎఫ్ పంపుతాం. అక్షరాలన్నీ బొమ్మగా మారిపోయిన ఆ ఫైలు స్క్రీన్ రీడరుకు తెల్లకాగితమే. అను ఫాంట్లలో కొట్టిందైతే మరీ విడ్డూరం. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. చెవిలో పడేది అర్థంలేని గోల. యూనికోడ్‌లో టైపు చేసి డిజిటల్ సంతకం పెడితే ఈ బాధ ఉండదు. దానికి బడ్జెట్ అక్కర్లేదు.

డబ్బు పెట్టిన చోటా దక్కేది అంతంతే. ర్యాంపుకు ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల వాలు ఉండాలి. అంటే మూడడుగుల అరుగెక్కడానికి 36 అడుగులు. మనవాళ్లు పదడుగుల్లో జారుడుబల్ల కట్టి, ఫొటో తీసి, బిల్లు పాస్ చేయించుకుంటారు. అందుబాటు ప్రమాణాలు ఉత్త సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలు కావాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు అన్నది ఇందుకే. ఆ కేసులో క్షేత్ర పరిశీలన చేసి నివేదిక ఇచ్చింది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయమే.

దొంగ సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ల సంగతేమిటంటారా? దొంగలను పట్టుకోండి. దొంగ కులపత్రాలు పుట్టాయని నిజమైన అర్హుల ఉద్యోగాలు తీసేయం కదా.

కొన్ని పనులకు ఫలానా సామర్థ్యం ఉండి తీరాలి, కాదనను. 2016 వికలాంగుల హక్కుల చట్టమూ కాదనలేదు. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి కొన్ని సంస్థలకు మినహాయింపు ఇవ్వవచ్చు. వికలాంగ ఉద్యోగి కోసం చేసే సర్దుబాటు సంస్థకు మితిమీరిన భారం కాకూడదని కూడా అందులో ఉంది. అంటే భారమని ఊరికే అనేస్తే సరిపోదు, ఎంత భారమో లెక్క చూపాలి. చూపకుండా నిరాకరిస్తే చట్టం దృష్టిలో అది వివక్షే. ప్రైవేటు కంపెనీలతో సహా ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసి ప్రకటించాలని 21వ సెక్షన్ చెబుతోంది. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే జరిమానా గరిష్ఠంగా 10 వేల రూపాయలు. ‘సమర్థత’ గురించి బెంగపడే యాజమాన్యాలు ముందు ఆ విధానం కాగితాన్ని గోడకు అంటించి, ఆ తర్వాత మాట్లాడాలి.