ధైర్యం సరే, పట్టా ఎవరి పేరు మీదుంది?

అమెరికా పడమటి సీమ కథలు మీరూ చూసే ఉంటారు. సినిమానో, సీరియలో, నవలో. న్యూయార్కు వైపు ఎండ కన్నెరగకుండా పెరిగిన అమ్మాయి. బొమ్మలు వేస్తుంది, ఉత్తరాలు రాస్తుంది, పొయ్యి వెలిగించడం రాదు. పెళ్ళవుతుంది, పడమటికి రైలెక్కుతుంది. దుమ్ము, తోడేళ్ళు, మంచు తుఫాను. రెండు రీళ్ళు ఏడుస్తుంది, మూడో రీల్లో తుపాకి పడుతుంది, చివర్లో గుమ్మంలో నిలబడి సూర్యాస్తమయం చూస్తూ నవ్వుతుంది. మనం "అబ్బ, ఏం ధైర్యం!" అనుకుని లాప్‌టాప్ మూసి పడుకుంటాం.

నాకు ఈ కథంటే ఒళ్ళు మంట. అది పూర్తిగా అబద్ధమని కాదు, అలాంటి ధైర్యవంతులు నిజంగానే ఉన్నారు. కానీ "ధైర్యం" అనే ఒక్క మాటతో అడగాల్సిన ప్రశ్నలన్నీ ఎగరగొట్టేస్తారు. ఆమె చేతిలో ఏ పని ఉంది? ఆ పనికి డబ్బు ఎవరి పేరున వచ్చింది? భూమి పట్టా ఎవరిది? ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా ధైర్యం గురించి మాట్లాడటమంటే, సర్వరు, కరెంటు ఉన్నాయో లేదో చూడకుండా "కోడు బాగుంటే అదే నడుస్తుంది" అన్నట్టే.

ఒక నిజం మనిషిని తీసుకుందాం. పేరు మేరీ హాలక్ ఫుట్. 1847లో న్యూయార్కు రాష్ట్రంలో హడ్సన్ నది పక్కన మిల్టన్ అనే ఊరి దగ్గర పుట్టింది. క్వేకర్ల కుటుంబం, పెద్ద కమతం, చుట్టూ బంధువులు. న్యూయార్కులో కూపర్ యూనియన్‌లో బొమ్మలు నేర్చుకుంది. పెళ్ళికి ముందే పత్రికలకీ పుస్తకాలకీ బొమ్మలు వేసేది, లాంగ్‌ఫెలో కవి పుస్తకానికి కూడా వేసింది. 1876లో 28 ఏళ్ళ వయసులో ఆర్థర్ డి వింట్ ఫుట్ అనే ఆయన్ని చేసుకుంది. ఆయన ఏం చేసేవాడో తెలుసా? ఇంజినీరు. మన బాపతే!

అదే ఏడు ఆయన వెనకాల కాలిఫోర్నియా వెళ్ళింది. ఎక్కడికి? న్యూ అల్మడెన్‌కి. పాదరసం గనుల ఊరు. బంగారం, వెండి తీయడానికి పాదరసం కావాలి కాబట్టి ఆ రోజుల్లో దానికి గిరాకీ. ఇప్పుడది శాన్‌హోజె దక్షిణపు అంచున ఉంది, గనులున్న కొండలు కౌంటీ పార్కు అయ్యాయి. శాన్‌హోజెలో ఉన్న మనవాళ్ళు వీకెండ్‌లో హైకింగ్‌కి వెళ్ళే కొండలే. మొగుడి ప్రాజెక్టు కోసం ఇల్లూ వాకిలీ వదులుకుని శాన్‌హోజె వచ్చిన ఇంజినీరు భార్య అనగానే మనకి హెచ్-1బి రోజులే గుర్తొస్తాయి గానీ, ఆ లైన్లో ఈవిడ మనకంటే వందేళ్ళు ముందుంది.

తర్వాత కథ కూడా మనకి తెలిసిందే. ఏడాదిలో ఆర్థర్‌కి పైవాడితో పడలేదు, ఉద్యోగం వదిలేశాడు. చంటిపిల్లాడితో ఆవిడ శాంటాక్రూజ్ చేరింది. 1879లో కొలరాడోలో లెడ్‌విల్, పదివేల అడుగుల ఎత్తున వెండి గనుల ఊరు. ఆ తర్వాత మెక్సికో. 1884లో ఐడహోలో బోయిసీ. అక్కడ ఆర్థర్‌కి పెద్ద కల ఒకటి: బోయిసీ నది మీద కాలవ తవ్వి ఎడారిని సాగులోకి తేవాలి. డిజైను మంచిదే. పెట్టుబడి పెట్టేవాళ్ళు మధ్యలో చేతులెత్తేశారు. కాలవ ఆగింది, మొదలైంది, మళ్ళీ ఆగింది. ఏళ్ళు గడిచిపోయాయి. ఫండింగ్ ఆగిపోయిన స్టార్టప్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ ఏళ్ళలో ఇల్లు ఎలా గడిచింది? సినిమా అయితే "ఆమె గుండె ధైర్యంతో" అంటుంది. గుండె ధైర్యం తింటే కడుపు నిండదు. ఇల్లు చాలావరకు ఆవిడ బొమ్మల మీదా కథల మీదా గడిచింది. నది లోయలో కట్టుకున్న రాతి ఇంట్లో కూర్చుని, ముగ్గురు పిల్లల మధ్య బొమ్మలు వేసి, కథలు రాసి, తూర్పున ఉన్న సెంచురీ పత్రికకి పోస్టులో పంపేది. చెక్కు వచ్చేది. 1883లో 'ది లెడ్-హార్స్ క్లెయిమ్' అనే నవల, 1886లో 'జాన్ బోడెవిన్స్ టెస్టిమొనీ', 1892లో 'ది చోజెన్ వ్యాలీ'. ఆ చివరిది కాలవల గురించే. మొగుడి ఆగిపోయిన ప్రాజెక్టుని కూడా నవల చేసి డబ్బు తెచ్చింది మహాతల్లి!

ఇప్పుడు ఆ డబ్బు రావడానికి ఏమేం కావాల్సి వచ్చిందో లెక్క వేయండి. ఒకటి, చేతిలో విద్య. పెళ్ళికి ముందే నేర్చుకున్నది, పెట్టెలో పెట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళగలిగినది. రెండు, తెలిసిన క్లయింటు. ఆవిడ ప్రాణస్నేహితురాలు హెలెనా భర్త రిచర్డ్ వాట్సన్ గిల్డర్ ఆ పత్రిక సంపాదకుడు. మూడు, 1869లో ఖండం ఈ చివర నుంచి ఆ చివరికి పడిన రైలు, దానితో పాటు పోస్టు. నాలుగు, ఇంట్లో పనివాళ్ళు. ఎంత కష్టంలో ఉన్నా వంటకీ పిల్లలకీ మనుషులు ఉన్న ఇల్లు అది. ఐదు, ఏ ప్రభుత్వమూ "నువ్వు ఇంజినీరు భార్యవి కాబట్టి బొమ్మలు అమ్ముకోకూడదు" అనలేదు.

ఈ ఐదూ తీసేసి అదే మనిషిని, అదే గుండె ధైర్యంతో, అదే లోయలో కూర్చోబెట్టండి. ఏమవుతుంది? కిటికీలోంచి నది చూస్తూ కూర్చుంటుంది. అంతే.

"బానే ఉందండీ, ఆవిడ చదువుకున్న ఇంటి పిల్ల. మామూలు ఆడవాళ్ళు కేవలం ధైర్యంతోనే కదా భూములు సాగు చేసింది" అంటారు. రండి, అదీ చూద్దాం.

1862 మే 20న లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం పెట్టాడు. 160 ఎకరాల ప్రభుత్వ భూమి, చిన్న రుసుము, ఐదేళ్ళు అక్కడే ఉండి ఇల్లు కట్టి సాగు చేస్తే పట్టా మీదే. ఎవరికి? 21 ఏళ్ళు నిండిన వాళ్ళకి, లేదా కుటుంబ పెద్దకి. పౌరులైనా సరే, పౌరసత్వం తీసుకుంటామని రాసిచ్చిన వాళ్ళైనా సరే. ఆడా మగా తేడా లేదు. పెళ్ళికాని ఆడపిల్లకి ఇచ్చారు, వితంతువుకి ఇచ్చారు, విడాకులు తీసుకున్నామెకి ఇచ్చారు. ఆ కాలానికి గొప్ప విషయమే. వేలమంది ఆడవాళ్ళు వెళ్ళి సొంత పేరు మీద భూమి రాయించుకున్నారు.

ఎవరికి ఇవ్వలేదో చూడండి. మొగుడితో కాపురం చేస్తున్న పెళ్ళయిన ఆడదానికి. కుటుంబ పెద్ద ఆయనే కాబట్టి పట్టా ఆయనకే. గడ్డి మట్టి ఇటుకల ఇంట్లో ఐదు చలికాలాలు ఆవిడా ఉంది, నీళ్ళు ఆవిడా మోసింది, మిడతల దండుతో ఆవిడా పోరాడింది. కాగితం మీద మాత్రం ఆవిడ లేదు. పక్క చెక్కలో ఉన్న పెళ్ళికాని టీచరమ్మ పేరుంది! ఇద్దరిలో ఎవరికి ధైర్యం ఎక్కువో తేల్చడం మన పని కాదు. చట్టం వాళ్ళ ధైర్యాన్ని కొలవలేదు, మెడలో మొగుడున్నాడా లేడా అని మాత్రమే చూసింది.

ఇంకో ఉదాహరణ చెప్తే నమ్ముతారు. ఎలినోర్ ప్రూయిట్ స్టీవర్ట్. ఒంటరిగా భూమి సాగు చేసుకున్న ఆడదానికి ఈవిణ్ణే బొమ్మగా చూపిస్తారు. ఈవిడ ఎండ కన్నెరగని మనిషి కాదు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోయారు, డెన్వర్‌లో బట్టలుతికి, ఇళ్ళల్లో పనిచేసి కూతుర్ని పెంచుకుంది. 1909లో వయోమింగ్‌లో క్లైడ్ స్టీవర్ట్ అనే రైతు ఇంట్లో పనికి చేరి, పక్కనే భూమికి దరఖాస్తు పెట్టింది. ఆవిడ ఉత్తరాలు అట్లాంటిక్ పత్రికలో వచ్చి, 1914లో పుస్తకమై పేరు తెచ్చాయి. బట్టలుతుక్కుంటూ బతికే కంటే భూమి సాగు చేసుకోవడం మేలని ఆడవాళ్ళకి చెప్పిన పుస్తకం అది.

అసలు రికార్డుల్లో ఏముంది? దరఖాస్తు పెట్టిన కొద్దిరోజులకే ఆవిడ ఆ రైతునే పెళ్ళి చేసుకుంది. పెళ్ళయ్యాక ఒక కుటుంబానికి రెండు ఇళ్ళు, రెండు చెక్కలు అంటే చట్టం దగ్గర చిక్కు. 1912లో తన హక్కు వదులుకుంది. ఆ చెక్క అత్తగారి పేరు మీద దరఖాస్తైంది. అంటే ఒంటరి మహిళా రైతుకి బొమ్మగా నిలబెట్టిన మనిషికే ఆ పట్టా దక్కలేదు! ధైర్యం తక్కువై కాదు. కాగితంలో ఆవిడ గడి మారిపోయింది.

ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ సినిమావాళ్ళలాగే అవుతాను. ఆ పట్టాలన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఖాళీ నేల కాదది. బోయిసీ లోయలో ఉండే షొషోనీ, బానక్ ప్రజల్ని 1869లో ఫోర్ట్ హాల్ రిజర్వేషన్‌కి తోలేశారు. ఫుట్ దంపతులు కాలవ కల కన్నది ఆ నేల మీదే. అక్కడి ఆడవాళ్ళకి ధైర్యం లేకనా? వాళ్ళకి కాగితం లేదు. ఇచ్చిన కాగితాలని ప్రభుత్వమే చించేసింది. ధైర్యం కథ ఎంత మోసమో ఈ ఒక్క ముక్కతో తేలిపోతుంది.

ఇక మన సంగతి. మన తెలుగు సాఫ్ట్‌వేర్ లోకంలో "ధైర్యం" అనే మాటకి ఇంకో పేరుంది. "అడ్జస్ట్ అయిపోతుందిలే." నా బీటెక్ క్లాసులో ఒకమ్మాయి ఉండేది. డేటా స్ట్రక్చర్స్‌లో మా అందరికీ ట్యూషన్ చెప్పింది. పెళ్ళయింది, హెచ్-4 మీద న్యూజెర్సీ వెళ్ళింది. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. 2015లో కొందరికి పర్మిట్ ఇచ్చే నియమం వచ్చింది, అదీ మొగుడి గ్రీన్ కార్డు కాగితాలు ఓ దశకి వచ్చాకే. ఈమెకి ఆ దశ రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈలోపు తనకి దొరికినవి పాట్‌లక్‌లూ, "ఇంట్లో ఖాళీయే కదా" అనే మాటలూ. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటే ఇదే. వాళ్ళ ఇంట్లో అందరూ ఒకటే మాట: "మా కోడలికి ఎంత ఓర్పో!"

ఓర్పు కాదు బాబూ. ఆమె పేరు ఏ కాగితం మీదా లేదు. 1876లో అదే రాష్ట్రాల యూనియన్‌లో ఒక ఇంజినీరు భార్య గనుల ఊళ్ళో కూర్చుని తన పని తాను అమ్ముకుంది. పట్టా విషయంలో పెళ్ళయినామెని మొగుడి కింద రాసేసిన ఆ పాత లెక్కే వీసాలో కూడా ఉంది. గడి పేరు మాత్రమే మారింది, "డిపెండెంట్" అని.

"చట్టం మనం రాసామా ఏంటి?" అంటారు. నిజమే, వాషింగ్టన్‌లో చట్టం మనం రాయలేదు. కానీ పెళ్ళిచూపుల్లో ఆ విషయం దాచేది మనమే. ఆన్‌సైట్ సంబంధం అని గొప్పగా చెప్పి, "అక్కడికెళ్ళాక చూసుకోవచ్చులే" అనేది మనమే. ఇల్లు కొన్నప్పుడు డీడ్ మీద రెండో పేరు రాయించడానికి బద్ధకించేది మనమే. బెంగళూరుకో హైదరాబాదుకో ట్రాన్స్‌ఫర్ వస్తే ఎవరి ఉద్యోగం వదలాలో ముందే తేల్చేసేది కూడా మనమే. వీటిలో దేనికీ అమెరికా కాంగ్రెసు అనుమతి అక్కర్లేదు.

మేరీ ఫుట్ కథకి చివర్లో ఏమైందో కూడా వినండి. 1971లో వాలెస్ స్టెగ్నర్ అనే పెద్ద రచయిత ఆవిడ ఉత్తరాలు పెద్ద పెద్ద ముక్కలుగా వాడుకుని 'యాంగిల్ ఆఫ్ రిపోజ్' నవల రాశాడు. 1972లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అందులో నాయిక పేరు వేరు, ఆవిడ జీవితంలో జరగనివి కూడా కలిపాడు. మేరీ ఫుట్ పేరు మాత్రం పుస్తకంలో చెప్పలేదు. ఆవిడ సొంతంగా రాసుకున్న ఆత్మకథ అచ్చయింది కూడా 1972లోనే, చనిపోయిన 34 ఏళ్ళకి. బతికినన్నాళ్ళూ తన పేరుతో తన పని అమ్ముకున్న మనిషికే చివరికి ఈ గతి పట్టిందంటే, పేరే లేనివాళ్ళ సంగతి ఏంటి?

కాబట్టి ఈసారి ఎవరైనా ఆడమనిషి ధైర్యాన్ని మీ ముందు పొగిడితే మర్యాదగా వినండి. విని, రెండు ప్రశ్నలు అడగండి. డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది? కాగితం ఎవరి పేరు మీదుంది? జవాబు రాకపోతే అది పొగడ్త కాదు, ఆమెకి ఇవ్వాల్సింది ఎగ్గొట్టడానికి వేసిన పూలదండ.